సర్ రొనాల్డ్ రాస్

వానకాలము ముగిసి, చెరువులు నిండి, పొలములు పచ్చగా నుండు దినములలో చలిజ్వరము మన పల్లెలను పట్టుకొనుట పూర్వము పరిపాటి. మొదట పండ్లు గడగడ కొట్టుకొను చలి, పిమ్మట కుంపటివలె కాలు జ్వరము, ఆ పిమ్మట ఒడలెల్ల తడిసిపోవు చెమట. మరునాడు రోగి లేచి తిరుగును. జ్వరము వదలినదని ఇంటివారు సంతోషింతురు. మూడవనాడు మరల చలి ఆరంభమగును. ఇట్లు కొంతకాలము గడచునప్పటికి రోగి రక్తము క్షీణించి, కడుపులో ప్లీహము పెరిగి, అతడు నిర్వీర్యుడగును. నాగలి పట్టవలసిన రైతు మంచము పట్టును. పైరు పండినను కోయువారు లేక నేల రాలును. ఈ జ్వరమునకే మలేరియా యని పేరు.

ఇది ఎందువలన వచ్చునో వేల సంవత్సరముల వఱకు ఎవరికిని తెలియలేదు. బురదనేలల నుండియు, మురిగిన నీటి నుండియు లేచు చెడుగాలియే దీనికి కారణమని పాశ్చాత్యులు తలచిరి. ఇటలీ భాషలో మలేరియా యను మాటకు చెడుగాలి యనియే అర్థము. మన దేశమున కొందఱు నీటి దోషమనిరి, కొందఱు దేవతల కోపమనిరి. కారణము తెలియని రోగమును నివారించుట చీకటిలో శత్రువుతో పోరాడుటవంటిది. ఆ చీకటిని తొలగించిన దీపము మన తెలుగుగడ్డమీదనే వెలిగినది. సికిందరాబాదు చేరువనున్న బేగంపేటలో, 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన, ఒక సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. ఆయనయే సర్ రొనాల్డ్ రాస్.

రాస్ 1857వ సంవత్సరము మే 13వ తేదీన హిమాలయ పర్వతముల యందలి అల్మోరాలో జన్మించెను. ఆయన తండ్రి భారతదేశమున ఆంగ్లేయుల సైన్యములో పెద్ద యుద్యోగి. పదిమంది సంతానములో రొనాల్డే జ్యేష్ఠుడు. ఎనిమిదేండ్ల ప్రాయమున ఆ బాలుని చదువు నిమిత్తము ఇంగ్లండునకు పంపిరి. అచ్చట బంధువుల యింట పెరుగుచు అతడు కవిత్వము, సంగీతము, చిత్రలేఖనము, గణితము నభ్యసించెను. చిత్రలేఖన పరీక్షలో ప్రథముడుగా నిలిచెను. చిత్రకారుడో రచయితయో కావలెనని అతని కోరిక. కాని కుమారుడు వైద్యుడై భారత వైద్యశాఖలో చేరవలెనని తండ్రి సంకల్పించెను. తండ్రి మాట కాదనలేక రాస్ 1874లో లండను నగరమందలి సెయింట్ బార్తొలోమ్యూ వైద్యశాలలో విద్యార్థిగా చేరెను.

వైద్యవిద్యపై అతనికి మొదట మనసు లగ్నము కాలేదు. పాఠముల కన్న నాటకములు వ్రాయుటయందును, రాగములు కట్టుటయందును ఎక్కువ కాలము గడపెను. ఒక పరీక్షలో తప్పుటయు సంభవించెను. కొంతకాలము ఓడలలో వైద్యుడుగా పనిచేసి, మరల చదివి, 1881లో భారత వైద్యశాఖలో ప్రవేశించెను. ఆ తరువాత పదమూడేండ్ల కాలములో మద్రాసు, బర్మా, అండమాను దీవులు, బెంగుళూరు మున్నగు తావులకు ఆయన ఉద్యోగరీత్యా తిరిగెను. తీరిక దొరికినపుడెల్ల పద్యములు, నవలలు వ్రాయుచు, గణితశాస్త్ర గ్రంథములు చదువుచుండెను. ఇట్టివాడు మహావైద్యుడగునని అప్పుడెవ్వరు నూహించి యుండరు.

1883లో బెంగుళూరున ఆయన నివసించిన బంగళాలో దోమల బాధ మిక్కుటముగ నుండెను. రాస్ కారణము వెదకగా, కిటికీ దగ్గఱ నీరు నిలిచియున్న పీపాయిలో సన్నని పురుగులు మెలికలు తిరుగుచు కనబడెను. అవి దోమల పిల్లలు. పీపాయిని బోర్లించగానే ఆ గదిలో దోమలు తగ్గెను. మిగిలిన తావులలోను ఇట్లే నీటిని పారబోయింపవలెనని ఆయన పై యుద్యోగికి విన్నవించెను. సృష్టిలో ప్రతి ప్రాణికిని ఏదో ప్రయోజనముండును గనుక దోమలను సహింపవలసినదే యని ఆ యుద్యోగి త్రోసిపుచ్చెను. దోమకును జ్వరమునకును సంబంధమున్నదని అప్పటికి రాస్‌కును తెలియదు. అయినను, దోమలను పట్టి చంపుట కన్న అవి పుట్టుచోటును లేకుండ చేయుట మేలను సత్యము ఆనాడే ఆయన మనసున నాటుకొనెను.

1888లో రాస్ సెలవుపై ఇంగ్లండునకు వెళ్లి, ప్రజారోగ్యశాస్త్రములో పట్టము పొంది, సూక్ష్మజీవులను పరిశీలించు విధానమును నేర్చుకొనెను. ఆ సెలవులోనే, 1889లో, రోజా బెస్సీ బ్లాక్సమ్ అను నామెను వివాహమాడెను. తిరిగివచ్చిన పిమ్మట మలేరియా విషయమై ఆయన తీవ్రముగ ఆలోచింప నారంభించెను. అంతకు పూర్వమే, 1880లో, ఆల్జీరియాలో పనిచేయుచుండిన లావెరాన్ అను ఫ్రెంచి సైనిక వైద్యుడు మలేరియా రోగుల రక్తములో ఒక సూక్ష్మజీవిని కనుగొని యుండెను. ఆ జీవి ఎఱ్ఱ రక్తకణములలో చేరి, వానిని తినుచు, నల్లని రేణువులను మిగుల్చును. రాస్ ఆ జీవిని తన సూక్ష్మదర్శినిలో వెదకి, కానరాక, లావెరాన్ మాటయే తప్పేమోయని సందేహించెను.

1894లో ఆయన మరల లండనుకు వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ అను వైద్యుని దర్శించెను. మాన్సన్ చైనా దేశమున పనిచేసిన కాలములో, బోదకాలును కలిగించు సన్నని పురుగులు దోమ శరీరమున పెరుగునని 1877లో కనిపెట్టిన ధీమంతుడు. ఆయన రాస్‌కు మలేరియా క్రిమిని సూక్ష్మదర్శినిలో చూపి సందేహము తీర్చెను. మనుష్యుని శరీరములోని ఈ క్రిమి కూడ దోమలోనే పెరుగుచుండవచ్చునని తన యూహను తెలిపెను. రాస్ జీవితమునకు ఆనాటితో ఒక లక్ష్యమేర్పడెను. అటుపిమ్మట గురుశిష్యుల నడుమ వందకు మించిన లేఖలు నడచెను. భారతదేశమున రాస్ చూచిన ప్రతి వింతయు ఇంగ్లండులోని మాన్సన్‌కు తెలియుచుండెను. మాన్సన్ సలహాలు ఓడలపై రాస్‌ను చేరుచుండెను.

1895 ఏప్రిలులో రాస్ సికిందరాబాదులోని మద్రాసు పటాలమునకు వైద్యుడుగా వచ్చి పరిశోధన ప్రారంభించెను. మాన్సన్ ఊహలో ఒక లోపముండెను. దోమ గ్రుడ్లు పెట్టి నీటిలో చచ్చుననియు, దాని శరీరములోని క్రిములు ఆ నీటిలో కలియుననియు, ఆ నీరు త్రాగినవారికి జ్వరము వచ్చుననియు ఆయన తలచెను. గురువు మాటను రాస్ గ్రుడ్డిగా నమ్మలేదు, తోసివేయనులేదు, పరీక్షించి చూచెను. రోగుల రక్తము త్రాగిన దోమలు చచ్చిన నీటిని, ఒప్పుకొన్న కొందఱికి త్రాగించి చూచెను. ఒకనికి స్వల్పముగ జ్వరము తగిలినను, తక్కిన పరీక్షలు ఆ యూహను బలపఱచలేదు. నీటి మార్గము నిజము కాదని ఆయనకు క్రమముగ తోచెను. నేటి వైద్యధర్మము ప్రకారము అట్టి పరీక్షలు తగవు. మనుష్యులపై జరుపు పరీక్షలకు ఇప్పుడు కఠినమైన నియమములు కలవు. ఆ కాలమున అవి లేకుండెను.

పని సాగుచుండగా 1895 సెప్టెంబరులో రాస్‌ను ప్రభుత్వము బెంగుళూరునకు పంపెను. అక్కడ విషూచి, అనగా కలరా, ప్రబలి ప్రజలు చనిపోవుచుండిరి. రాస్ ఇష్టము లేకయే వెళ్లినను, వెళ్లిన పిమ్మట కర్తవ్యమును నిర్లక్ష్యము చేయలేదు. వీథులు, బావులు, మురుగు కాలువలు తిరిగి పరిశీలించుట ఆయనకు నిత్యకృత్యమయ్యెను. ఒక యూరిలో అంటురోగము పుట్టినప్పుడు వైద్యుడు చేయవలసినది మందిచ్చుట మాత్రమే కాదు. ఎవరికి ముందు వచ్చినది, ఏ వీథిలో ఎక్కువగ నున్నది, ఆ యిండ్లవారందఱు ఏ బావి నీరు వాడుచున్నారు అని ఒక్కొక్కటిగ విచారింపవలెను. 1854లో లండనులో జాన్ స్నో అను వైద్యుడు ఇట్లు విచారించియే, కలరా ఒక నీటిపంపు నుండి వ్యాపించుచున్నదని తేల్చెను. వైద్యశాలలో కూర్చుండి రోగికొఱకు ఎదురుచూచుట వేఱు, రోగము పుట్టుచోటికే వెళ్లుట వేఱు. బెంగుళూరు ఉద్యోగము రాస్‌కు మలేరియా పరిశోధనను ఆపినను, ఈ రెండవ విద్యలో గట్టి యనుభవమునిచ్చెను.

1897లో రాస్ సెలవు తీసికొని నీలగిరికి వెళ్లెను. ఆ కొండల క్రిందనున్న సీగూరు లోయ మలేరియాకు పేరుపడినది. అచ్చట పరిశోధింపబోయిన రాస్‌నే మలేరియా పట్టుకొనెను. జ్వరము తగ్గిన పిమ్మట, ఆ సంవత్సరము జూను మాసమున, ఆయన మరల సికిందరాబాదు చేరెను. బేగంపేటలోని చిన్న సైనిక వైద్యశాల ఆయన పరిశోధనాలయమయ్యెను. పెద్ద యంత్రములు లేవు, సహాయ నిధులు లేవు. ఒక సూక్ష్మదర్శిని, కొన్ని గాజుపలకలు, సన్నని సూదులు, దోమలుంచుటకు సీసాలు, ఇవియే సాధనములు.

అప్పటికి రెండేండ్లుగ ఆయన వందలకొలది దోమలను కోసి చూచియుండెను. అన్నిటిలోను ఫలితము శూన్యమే. అవి ఇండ్లలో విరివిగ దొరకు బూడిదరంగు దోమలును, చారల దోమలును. దోమలలో అనేక జాతులున్నవనియు, వానిలో ఒక్క జాతియే మనుష్యుల మలేరియాను మోయుననియు ఆనాడు తెలియదు. తప్పు జాతి దోమలను ఎన్నింటిని కోసినను సరియైన యుత్తరము రాదుగదా! ఇతరుడైనచో దోమకు మలేరియాతో సంబంధము లేదని తేల్చి విడిచిపెట్టి యుండును. రాస్ మఱియొక విధముగ తర్కించెను. తాను వెదకిన దోమలలో క్రిమి లేదన్నచో, తాను ఇంకను వెదకని దోమలేవి అని ప్రశ్నించుకొనెను. సేవకులను నలుదిక్కులకు పంపి, క్రొత్తరకము దోమపిల్లలు దొరకు నీటిగుంటలను వెదకించెను.

ఆగస్టు నెలలో ఒకనాడు సహాయకులు తెచ్చిన నీటిలోని పిల్లలు ఎదిగి వింతదోమలయ్యెను. వాని రంగు గోధుమవన్నె, ఱెక్కలపై మచ్చలు. గోడపై వ్రాలినప్పుడు ఇతర దోమలవలె సమముగ కూర్చుండక, తోక పైకెత్తి, ముల్లు గ్రుచ్చినట్లు ఏటవాలుగ నిలుచును. నేడు మనము అనాఫిలిసు అని పిలుచు జాతి యిదియే. వైద్యశాలలో హుసేన్ ఖాన్ అను మలేరియా రోగి యుండెను. ఆగస్టు 16వ తేదీన ఆయనను దోమతెరలో పరుండబెట్టి, ఈ దోమలను లోనికి విడిచిరి. అవి కడుపునిండ రక్తము త్రాగెను. కుట్టిన దోమ యొక్కటికి ఒక అణా చొప్పున రాస్ ఆయనకు ముట్టజెప్పెను.

తరువాతి దినములలో దోమలను ఒక్కొక్కటిగ కోయుట సాగెను. అది దుస్సహమైన ఉక్క. విసనకఱ్ఱ పంకా ఊపినచో కోసిన దోమ ముక్కలు ఎగిరిపోవును గనుక గాలి లేకయే పనిచేయవలెను. నుదుటి చెమట కాఱి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను. దాని కంటి అద్దము పగిలియుండెను. గంటలకొలది చూచుటచే కన్నులు మసకబారెను. కొన్ని దోమలు చచ్చెను, కొన్నిటిలో ఏమియు కనబడలేదు. ఆగస్టు 20వ తేదీకి రక్తము త్రాగిన దోమలు రెండు మాత్రమే మిగిలెను.

ఆనాడు మధ్యాహ్నము రాస్ వానిలో నొకదానిని కోసి, దాని శరీరమును అణువణువున వెదకెను. ఏమియు లేదు. చివరకు కడుపు గోడ మాత్రము మిగిలెను. అలసియుండియు ఆయన దానిని విడువలేదు. ఆ గోడలో గుండ్రని కణమొకటి కనబడెను. దాని వ్యాసము దాదాపు 12 మైక్రానులు, అనగా మిల్లీమీటరులో నూఱవ వంతునకు కొంచెము పైన. దానిలో నల్లని రేణువులుండెను. మఱికొంత జరిపి చూడగా అట్టి కణములు ఇంకను కనబడెను.

ఈ నల్లని రేణువుల ప్రాముఖ్యమేమి? మలేరియా క్రిమి రక్తమును తినునప్పుడు మిగుల్చునవి ఇట్టి రేణువులే. అంతకు పూర్వము కోసిన వందలకొలది దోమలలో దేనియందును ఇట్టి కణములు లేవు. మలేరియా రోగి రక్తము త్రాగిన ఈ మచ్చఱెక్కల దోమలో మాత్రమే యున్నవి. అయినను రాస్ తొందరపడలేదు. ఇవి నిజముగ బ్రదికియున్న క్రిములే యైనచో, ఒక దినము గడచునప్పటికి పెరుగవలెను. ఆగస్టు 21వ తేదీన ఆయన చివరి దోమను కోసెను. దాని కడుపు గోడలోను అట్టి కణములే యుండెను; అవి మొదటివానికన్న పెద్దవిగ నుండెను. క్రిమి దోమలో పెరుగుచున్నదని రుజువయ్యెను. ఈ పరిశోధన 1897 డిసెంబరులో ఇంగ్లండులోని వైద్యపత్రికలో ప్రకటితమయ్యెను.

సగము దారియే నడచినట్లయ్యెను. దోమలోనికి క్రిమి పోవుట తెలిసినది. దోమ నుండి మనుష్యునిలోనికి అది యెట్లు వచ్చును? ఈ రెండవ ప్రశ్నకు ఉత్తరము వెదకులోపలనే ప్రభుత్వము ఆయనను సికిందరాబాదు నుండి బదిలీ చేసి, రాజపుత్రస్థానమందలి ఖేర్వాడాకు పంపెను. అచ్చట మలేరియా రోగులే దుర్లభులు. గెలుపు చేతికందుచున్న వేళ ఇట్లు జరుగగా రాస్ మిక్కిలి క్రుంగి, ఉద్యోగమునకు రాజీనామా యిత్తునని కూడ పలికెను. మాన్సన్ ఇంగ్లండులో పట్టువిడువక ప్రయత్నించుటచే, 1898 ఫిబ్రవరిలో ప్రభుత్వము ఆయనను కలకత్తాలో ప్రత్యేక పరిశోధనకు నియమించెను.

కలకత్తాలో మఱియొక చిక్కు వచ్చెను. ఆ దినములలో ప్లేగు భయము నగరమున వ్యాపించి యుండెను. ప్లేగు టీకాలను గూర్చి పుకార్లు పుట్టి, వైద్యుడు సూది చేత పట్టినచో ప్రజలు పారిపోవుచుండిరి. వ్రేలినుండి ఒక రక్తపు బొట్టు ఇచ్చుటకును వెఱచిరి. ప్రజల నమ్మకము లేనిచో వైద్యుని విద్య యెంతటిదైనను నిష్ఫలమని దీనివలన తెలియుచున్నది. రాస్ వారిని బలవంతపెట్టక, పిచ్చుకలు, భరతపక్షులు మున్నగు పక్షులకు వచ్చు మలేరియాను పరీక్షింప నారంభించెను. మహమ్మద్ బక్షు అను సహాయకుడు రాత్రింబవళ్లు ఆయనకు తోడుగ పనిచేసెను.

1898 జూలైలో ఆ శ్రమ ఫలించెను. దోమ కడుపు గోడలోని కణములు పెరిగి పగులుననియు, వానినుండి సన్నని దారములవంటి క్రిములు వెలువడి, దోమ లాలాజలపు గ్రంథులలో చేరుననియు రాస్ కనిపెట్టెను. దోమ కుట్టునప్పుడు ఆ లాలాజలముతోపాటు క్రిమియు లోనికి పోవును. ఆరోగ్యముగల పిచ్చుకలను ఇట్టి దోమలచే కుట్టింపగా వానిలో చాల భాగమునకు జ్వరక్రిములు సోకెను. చెడుగాలియు కాదు, చెడునీరును కాదు. దోమకాటే మలేరియాకు మార్గమని తేలిపోయెను. ఆ నెలలోనే మాన్సన్ ఈ వార్తను ఎడింబరోలోని వైద్యసభలో ప్రకటించెను. అదే సంవత్సరము ఇటలీలో గ్రాసీ, బిగ్నామి, బాస్టియానెల్లి అను శాస్త్రజ్ఞులు మనుష్యుల మలేరియా అనాఫిలిసు దోమలో సంపూర్ణముగ పెరుగుట నిరూపించిరి.

ఈ విషయమున గౌరవమెవ్వరిదను తగవు రాస్‌కును గ్రాసీకిని మధ్య చిరకాలము నడచెను. రాస్ స్వభావమున త్వరగ నొచ్చుకొనువాడు. కోపము కలిగినపుడు మాటలో మితము తప్పువాడు. గొప్పవారి గుణములతోపాటు దోషములను తెలిసికొనుట మంచిదే. ఒక సత్యము వెలువడుటకు అనేకుల శ్రమ యవసరము. లావెరాన్ క్రిమిని చూపెను, మాన్సన్ దోమను చూపెను, రాస్ ఆ రెంటిని కలిపెను, ఇటలీవారు పూర్తిచేసిరి. హుసేన్ ఖాన్, మహమ్మద్ బక్షు, దోమపిల్లలను వెదకి తెచ్చిన పేరు తెలియని సేవకులు, వీరు లేనిచో ఆ పని జరిగియుండెడిది కాదు.

1899లో రాస్ భారతదేశపు కొలువు విడిచి, ఇంగ్లండులోని లివర్‌పూలు ఉష్ణదేశ వైద్య విద్యాలయమున అధ్యాపకుడయ్యెను. 1902లో ఆయనకు వైద్యశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. ఆ శాస్త్రమున అది రెండవ బహుమానము. సన్మానమందుకొని ఆయన విశ్రమింపలేదు. కారణము తెలిసినది గనుక, ఇక రోగమును తగ్గించి చూపవలెనని పూనుకొనెను. 1899లోనే ఆఫ్రికాలోని ఫ్రీటౌను నగరమునకు వెళ్లి, వీథులలోని గుంటలయందు అనాఫిలిసు దోమలు పుట్టుచుండుట చూపెను. గుంటలను పూడ్చుట, నీటిపై నూనె చల్లుట, కాలువలు త్రవ్వి నీటిని పారజేయుట అవసరమని బోధించెను.

1902లో సూయజ్ కాలువ సంఘమువారు ఆయనను ఈజిప్టులోని ఇస్మాయిలియా నగరమునకు పిలిచిరి. ఆ యూరికి 1877లో మంచినీటి కాలువ వచ్చినది మొదలు మలేరియా ప్రవేశించి, కొలదికాలములోనే ఊరివారినందఱిని పీడించుచుండెను. నీరు ఊరికి ప్రాణమే. నిలిచిన నీరు దానికే శత్రువయ్యెను. రాస్ సలహా ప్రకారము గుంటలు పూడ్చి, ఇండ్లలోని నీటి తావులను వారము వారము పరీక్షించుచు వచ్చిరి. మఱుసటి సంవత్సరమునకే జ్వరములు మిక్కిలి తగ్గెను. కొన్నాళ్లకు ఊరిలో మలేరియా పుట్టుటయే అరుదయ్యెను.

1907లో రాస్ మారిషస్ దీవికి వెళ్లెను. చెఱకుతోటలలో పనిచేయుటకు మన దేశమునుండి వెళ్లిన కూలీల సంతతివారు అచ్చట అధికసంఖ్యలో నుండిరి. వారిలో తెలుగువారును కలరు. 1866 మొదలు ఆ దీవిని మలేరియా పీడించుచుండెను. రాస్ అక్కడ ఊరూరను పిల్లల ప్లీహములను పరీక్షింపజేసి, ఏ తావున రోగమెంతయున్నదో లెక్కకట్టెను. దేశములోని దోమలనన్నిటిని చంపుట అసాధ్యము గనుక ఈ ప్రయత్నము వ్యర్థమని కొందఱు వాదించిరి. చిన్ననాటి గణితము రాస్‌కు ఇక్కడ అక్కఱకు వచ్చెను. ఒక రోగి నుండి సగటున ఒక్కరికన్న తక్కువమందికి రోగము సోకునట్లు చేసినచో, దోమలు కొన్ని మిగిలినను రోగము తనంత తానే అంతరించునని ఆయన లెక్కలతో నిరూపించెను. దోమలన్నియు చావనక్కఱలేదు, ఒక హద్దునకు లోబడి తగ్గిన చాలును. అంటురోగముల వ్యాప్తిని లెక్కించు శాస్త్రమునకు ఈ తర్కము పునాది యయ్యెను. 2020లో కోవిడు మహమ్మారి వ్యాపించినపుడు ప్రపంచమంతట జరిగిన గణనలకును మూలమిట్టి యాలోచనయే. మారిషస్ దీవి 1973లో మలేరియా లేని దేశముగ గుర్తింపు పొందెను.

1911లో రాస్‌కు సర్ బిరుదము లభించెను. 1914లో మొదటి ప్రపంచయుద్ధమున ఆయన పెద్దకుమారుడు మరణించుట ఆయనకు తీరని శోకము కలిగించెను. 1926లో లండనులో ఆయన పేర ఒక పరిశోధనాలయము స్థాపింపబడెను. 1931లో భార్య గతించెను. 1932వ సంవత్సరము సెప్టెంబరు 16వ తేదీన, డెబ్బదియైదేండ్ల ప్రాయమున, రాస్ మరణించెను.

ఆయన చూపిన మార్గమున భారతదేశము 1953లో మలేరియా నిరోధమునకు దేశవ్యాప్తముగ పూనుకొనెను. ఇండ్లగోడలపై డి.డి.టి. చల్లుట, రోగులను వెదకి మందిచ్చుట సాగెను. ఏటేట కోట్లమందికి వచ్చుచుండిన జ్వరము 1965 నాటికి లక్షమందికి తగ్గెను. రోగము పోయినదని జాగ్రత్త సడలెను. దోమలును మందునకు అలవాటుపడెను. 1976లో రోగుల సంఖ్య మరల 64 లక్షలు దాటెను. తిరిగి శ్రమించుటచే ఇప్పుడది ఎంతో తగ్గినది. శ్రీలంక 2016లో మలేరియా లేని దేశమాయెను. 2021లోను 2023లోను పిల్లలకు రెండు టీకాలను ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆమోదించెను. అయినను 2023లో ప్రపంచమున దాదాపు 6 లక్షలమంది మలేరియాతో మరణించిరి. వారిలో ఎక్కువమంది ఆఫ్రికాలోని పసిపిల్లలు. సగములో విడిచిన పని మరల మొదటికి వచ్చునని ఈ చరిత్ర చెప్పుచున్నది.

బేగంపేటలో రాస్ పనిచేసిన భవనము నేటికిని ఉన్నది. ఏటేట ఆగస్టు 20వ తేదీని ప్రపంచ దోమల దినముగ పాటింతురు. హైదరాబాదు నల్లకుంటలోని జ్వరముల ఆసుపత్రికి ఆయన పేరే పెట్టిరి. కాని ఆయనకు నిజమైన స్మారకము ఇంతకన్న సులభమైనది. వీర్నపల్లి వంటి పల్లెలో నైనను, పెద్ద పట్టణములో నైనను, ఇంటింట తొట్లు, కుండలు, పాత టైర్లు ఉండనే యుండును. వానిలో వారము దినములు నీరు నిలిచినచో దోమపిల్లలు పుట్టును. నేడు డెంగ్యూ జ్వరమును తెచ్చు దోమలు ఇట్టి నీటిలోనే పెరుగును. వారమునకొకసారి ఆ నీటిని పారబోసి, తొట్టి తోమి ఆరబెట్టుటకు సూక్ష్మదర్శిని యక్కఱలేదు, పట్టములు నక్కఱలేదు. ఊరిలో నలుగురికి జ్వరము వచ్చినదన్నచో, వారి యిండ్ల చుట్టును నీరెక్కడ నిలిచినదో చూచి పెద్దలకు తెలుపుటకు ఎనిమిదవ తరగతి విద్యార్థి చాలును.